ఉడుంపట్టు ఉంది, మ్యాట్ ఏది?

ఆ రోజు పొద్దున్నే మేం కాచిగూడ స్టేషన్‌కు పోయింది ఒక్క పిల్లవాడి కోసం. కామారెడ్డి దిక్కు తండా నుంచి బండికి వచ్చాడు. భుజాన సంచి. అందులో రెండు జొన్నరొట్టెలు, ఒక లంగోటా, ఎవరో తొడిగి ఇచ్చేసిన పాత బూట్లు. డిగ్రీ రెండో ఏడు. ఆనాడు అంతర్ కళాశాలల కుస్తీ పోటీలు. జాతరల్లో కొబ్బరికాయ కుస్తీతో మొదలుపెట్టి వెండి కడెం దాకా గెలిచినవాడు కాబట్టి మాకు ఆశ ఎక్కువే.

సాయంత్రం బంగారు పతకంతో తిరిగి అదే స్టేషన్‌కు వచ్చాడు. సంబరపడి చాయ్ తాగిద్దామని తీసుకుపోతే తల ఎత్తలేదు. "నేను ఎవ్వరితోని కుస్తీ పట్టలేదన్నా. నా బరువుల ఇంకెవ్వరు రాలేదు. పేరు పిలిచిన్రు, చెయ్యి లేపిన్రు, పతకం ఏసిన్రు" అన్నాడు.

కొన్నాళ్లకు అదే పిల్లవాడు అంతర్ విశ్వవిద్యాలయాల పోటీలకు ఉత్తరాదికి పోయాడు. మూడేసి నిమిషాల రెండు విడతల ఆటలో మొదటి నిమిషం కూడా నిలవలేదు. ఫ్రీస్టైల్‌లో పది పాయింట్ల తేడా వస్తే ఆట అక్కడితో ముగుస్తుంది. అతనిది అట్లనే ముగిసింది. ఎదుటివాడు చిన్నప్పటి నుంచి మ్యాట్ మీద రోజూ పదిమందితో తలపడినవాడు. మనవాడు మట్టిలో ఏడాదికి నాలుగు జాతరల్లో తలపడినవాడు. ఓడినందుకు మేం అతన్ని ఒక్క మాట అనలేదు. అతన్ని ఇక్కడే, పతకం వేసిన రోజే ఓడగొట్టారు. ఎవరూ రాని బరిలో నిలబెట్టి గెలిచావన్నారు చూడండి, అప్పుడే ఓడగొట్టారు.

మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. మన కళాశాలల్లో కుస్తీ జట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. వాటిని పెంచాలి. పెంచేటప్పుడు మొదట గూడెం, తండా, పెంట పిల్లలు చదివే కళాశాలల్లో పెంచాలి. ఒక్కొక్కటిగా కాదు, ఒక జిల్లాలో నాలుగైదు కళాశాలలకు ఒకేసారి ఇవ్వాలి.

ఒకేసారి ఎందుకంటే, కుస్తీ ఒంటరిగా నేర్చుకునే విద్య కాదు. పరుగు ఒంటరిగా సాధన చేయొచ్చు. విల్లు ఎక్కుపెట్టడం ఒంటరిగా నేర్వొచ్చు. కుస్తీకి మాత్రం ఎదుట ఒక మనిషి కావాలి. మన బరువున్న మనిషి కావాలి. ఒకడు ఎడమచేతి వాటం, ఒకడు పొడగరి, ఒకడు కాళ్ల మీదికి దూకేవాడు, ఒకడు చిక్కకుండా జారేవాడు. ఇందరితో పట్టినవాడికే పట్టు వస్తుంది. హర్యానాలో ఊరూరా అఖాడాలున్నాయి. ఒక అఖాడాలో ఓడినవాడు పక్క ఊరికి పోయి ఇంకొకడితో పట్టి నేర్చుకుంటాడు. ఆ రాష్ట్రం వాళ్లకు ఒలింపిక్ పతకాలు రావడానికి నెయ్యి, పాలు ఎంత కారణమో, నడిచిపోయేంత దూరంలో ప్రత్యర్థి దొరకడం అంతే కారణం. మన దగ్గర ఒక కళాశాలకు ఒక మ్యాట్ ఇచ్చి ఫొటో తీసుకుంటే ఆ మ్యాట్ మూడేళ్లకు గోదాంలో ఎలుకల పాలవుతుంది. ఆడేందుకు పక్క కళాశాల జట్టు లేకపోతే ఎవడు మాత్రం రోజూ తొడగొట్టుకుంటూ కూర్చుంటాడు?

"కబడ్డీ ఉంది కదా, మళ్లీ కుస్తీ ఎందుకు?" అని అడిగే పెద్దలకు ఒక చిన్న లెక్క చెప్తాం. కబడ్డీలో ఒక కళాశాల గెలిస్తే ఒక కప్పు వస్తుంది. కుస్తీలో పురుషుల ఫ్రీస్టైల్‌లో పది బరువులు, గ్రీకో రోమన్‌లో పది, మహిళలకు పది. మొత్తం ముప్పై తలుపులు. మహిళల్లో మొదటి తలుపు 50 కిలోల దగ్గరే తెరుచుకుంటుంది. వాలీబాల్, బాస్కెట్‌బాల్ పొడుగు అడుగుతాయి. మన పిల్లల్లో ఎందరు ఆ గీత దగ్గరే ఆగిపోయారో పీఈటీలకు తెలుసు. కుస్తీ ఎత్తు అడగదు. 50 కిలోల పిల్ల 50 కిలోల పిల్లతోనే తలపడుతుంది. కబడ్డీలో మడమ పట్టి గుంజడం నేర్చినవాళ్లకు ఇక్కడ సగం విద్య ముందే వచ్చినట్టు. తెలంగాణలో సర్కారు కొలువుల్లో క్రీడాకారులకు 2 శాతం కోటా ఉంది. ఆ జాబితాలో కుస్తీ ఉంది. అంతర్ విశ్వవిద్యాలయాల పోటీల ధ్రువపత్రానికి అక్కడ విలువ ఉంది. ఆ ధ్రువపత్రం దాకా పోయే తోవ మన కళాశాలల్లో లేకపోతే ఆ కోటా మనకు కాగితం మీది పులుసే.

ఇక్కడే ఇంకొక మాట. సభల్లో కొందరు మమ్మల్ని పొగుడుతారు. "అడవి బిడ్డలు, పుట్టుకతోనే బలవంతులు, వాళ్లకు శిక్షణ అక్కరలేదు" అంటారు. ఈ పొగడ్త మాకు వద్దు. పుట్టుకతో బలం ఉంటే మా ఆడపిల్లలకు రక్తహీనత ఎందుకుంది? బలం తిండి నుంచి వస్తుంది. పట్టు నేర్పితే వస్తుంది. ఉడుము గోడను పట్టుకుంటే వదలదని మన పెద్దలు చెప్తారు. కానీ పట్టుకోవడానికి ముందు గోడ ఉండాలి కదా! పొగిడి పంపించడం కంటే ఒక మ్యాట్, ఒక కోచ్, రోజుకు రెండు గుడ్లు ఎక్కువ ఇస్తే చాలు.

తిండి లేకుండా కుస్తీ పెట్టమని మేం అనం. అట్లా పెడితే ప్రమాదం. బరువుల ఆట కాబట్టి పోటీకి ముందు నీళ్లు మానేసి, అన్నం మానేసి బరువు దించుకునే చెడ్డ అలవాటు ఇందులో ఉంది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కళాశాల కుస్తీ క్రీడాకారులు కొన్ని వారాల తేడాలో అట్లా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాతనే అక్కడ నియమాలు మార్చారు. సీజన్ మొదట్లోనే ఒంట్లో నీటి శాతం చూసి, ఎవరు ఏ బరువు దాకా దిగొచ్చో ముందే రాసి పెడుతున్నారు. 2024లో పారిస్‌లో వినేశ్ ఫొగాట్ ఫైనల్‌కు చేరి కూడా వంద గ్రాములు ఎక్కువ తూగినందుకు పోటీకే దూరమైన సంగతి ఊరి హోటళ్లలో కూడా మాట్లాడుకున్నారు. రాత్రంతా బరువు దించడానికి ఆ అమ్మాయి పడిన పాట్లు కూడా చెప్పుకోవాలి.

మన ప్రాంతాలకు ఇంకొక జాగ్రత్త కావాలి. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. దాని లక్షణం మోసేవాళ్లు పైకి ఆరోగ్యంగా కనపడతారు. నీళ్లు తగ్గి, ఎండలో మితిమీరి శ్రమిస్తే కుప్పకూలే ప్రమాదం ఉంటుంది. 2023లో కేంద్రం ఈ జబ్బు నిర్మూలనకు మిషన్ మొదలుపెట్టింది. పరీక్షలు ఊళ్లలో జరుగుతున్నాయి. కుస్తీ జట్టులో చేరే ప్రతి విద్యార్థికి ఆ పరీక్ష, రక్తహీనత పరీక్ష ముందే చేయాలి. ఆట నుంచి తీసేయడానికి కాదు, ఎవరికి ఎంత విశ్రాంతి, ఎన్ని నీళ్లు అవసరమో తెలియడానికి.

ఆడపిల్లల తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న వేరే ఉంది. 2023లో దేశానికి పతకాలు తెచ్చిన ఆడబిడ్డలే జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చున్నారు. సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలు చేశారు. ఒలింపిక్ పతకం ఉన్నవాళ్ల మాటే వినడానికి అన్ని రోజులు పడితే, గూడెం పిల్ల మాట ఎవరు వింటారని తల్లి అడుగుతున్నది. ఈ ప్రశ్నను దాటవేసి జట్టు పెట్టకూడదు. మహిళా కోచ్ లేకుండా అమ్మాయిల జట్టు వద్దు. ఫిర్యాదుల కమిటీలో బయటి సభ్యురాలి పేరు, ఫోన్ నంబరు హాస్టల్ గోడ మీద తెలుగులో, పిల్లల భాషలో రాసి ఉండాలి. పోటీలకు పోయేటప్పుడు వెంట ఒక ఉపాధ్యాయిని ఉండాలి.

కోచ్‌లు ఎక్కడ దొరుకుతారు అంటారు. కాచిగూడ చౌరస్తాలో నిలబడి చూడండి. ఇటు కళాశాలలు, అద్దె గదులు, హాస్టళ్లు. జిల్లాల నుంచి బండి దిగిన మన పిల్లలు వేలల్లో ఉన్నారు. అటు చాదర్‌ఘాట్ దగ్గర మూసీ దాటితే పాతబస్తీ. తరాలుగా అక్కడి తాలింఖానాల్లో ఉస్తాదులు మట్టి తవ్వి, పసుపు, నూనె కలిపి, శిష్యులకు పట్టు నేర్పారు. ఈ మూడింటి మధ్య దూరం ఆటోకు ఇచ్చే చిల్లరంత. అయినా ఉస్తాదుకు కళాశాల తెలియదు, కళాశాలకు తండా పిల్లవాడి చేతిలోని కడెం తెలియదు. పహిల్వాన్ అనే మాట వింటేనే భూముల సెటిల్మెంట్లు, ఎన్నికల దండు గుర్తుకొచ్చేటట్టు చేశారు. ఒక విద్యకు ఉద్యోగం, గౌరవం లేకుండా చేసి, ఆ విద్య నేర్చినవాడు దారి తప్పాడని తిట్టడం ఎంత న్యాయం? ఉస్తాదును గౌరవ వేతనంతో కళాశాలకు పిలవండి. ఆయన పక్కన మన బీపీఈడీ చదివిన యువకుడిని, యువతిని నిలబెట్టండి. మట్టి కుస్తీ నెమ్మది ఆట, కాలు దిగబడుతుంది. మ్యాట్ మీద వేగం కావాలి, పాయింట్ల నియమాలు తెలియాలి. అందుకని ఐటీడీఏ నిధులతో ఏటా కొందరిని పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థకు కోచింగ్ డిప్లొమాకు పంపించండి. అయిదేళ్లలో మన కోచ్‌లు మనకే ఉంటారు.

"కుస్తీ పడితే చదువు పాడైతది" అనే ప్రిన్సిపాళ్లకు ఒక ప్రిన్సిపాల్ సంగతి చెప్తాం. కొల్హాపూర్ రాజారాం కళాశాలలో ఖాశాబా జాధవ్ అనే పొట్టి కుర్రవాడు చదివాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఆరో స్థానంలో నిలిచాడు. 1952లో హెల్సింకీకి పోవడానికి డబ్బుల్లేవు. ఆ కళాశాల ప్రిన్సిపాల్ ఖర్డేకర్ తన ఇల్లు కుదువబెట్టి 7000 రూపాయలు ఇచ్చారని చెప్తారు. ఆ కుర్రవాడు కంచు పతకం తెచ్చాడు. స్వతంత్ర భారతానికి వ్యక్తిగత విభాగంలో అదే మొదటి ఒలింపిక్ పతకం. మన ప్రిన్సిపాళ్లను ఇళ్లు కుదువబెట్టమని మేం అడగడం లేదు. సాయంత్రం నాలుగు గంటలకు హాలు తాళంచెవి ఇవ్వమని అడుగుతున్నాం. అంత దూరం ఎందుకు, మన కోడి రామమూర్తి పుట్టిన వీరఘట్టం ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఆయన విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవాడే. ఆ జిల్లాలోని సవర, జాతాపు పిల్లలకు ఆయన పేరు పాఠంలో ఉంటే చాలా? ఆడేందుకు బరి వద్దా?

ఇవీ మేం అడిగేవి. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, పాడేరు, రంపచోడవరం, సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల పరిధిలో ఒక్కోచోట కనీసం నాలుగు కళాశాలలను గుచ్ఛంగా తీసుకుని, ఒకే ఏడాది కుస్తీ జట్లు పెట్టాలి. నాలుగింటికి కలిపి పన్నెండు మీటర్ల మ్యాట్ ఒకటైనా ముందు ఇవ్వాలి. మిగతాచోట్ల మొదటి ఏడాది మట్టి బరితో మొదలుపెట్టొచ్చు. నెలకు ఒక్కసారైనా నాలుగు జట్లూ తలపడాలి. జట్టు పిల్లలకు మెస్‌లో అదనపు తిండికి వేరే పద్దు ఉండాలి. జాతరల్లో కడెం గెలిచిన పిల్లల పేర్లు రాసుకుని, ఇంటర్ తర్వాత వాళ్లకు సీటు ఇవ్వాలి. 2023లో చట్టం వచ్చిన ములుగు సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయం పూర్తి భవనాలు కట్టుకునేటప్పుడే కుస్తీ హాలుకు చోటు పెట్టుకోవాలి. అన్నీ కట్టినాక మూలకు ఒక షెడ్డు వేస్తామంటే మేం ఒప్పుకోం.

ఉపాధ్యాయ మిత్రులారా, మీరు ఆర్డరు కోసం ఎదురుచూడకండి. మీ కళాశాల వెనకాల పది అడుగుల మట్టి తవ్వి మెత్తన చేయడానికి ఏ జీవో అవసరం లేదు. పక్క మండలం కళాశాల ఫిజికల్ డైరెక్టర్‌కు ఒక ఫోన్ చేయండి. రెండు జట్లయితే ఒక పోటీ. నాలుగైతే దాన్ని ఎవరూ కాదనలేరు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ బరువులో ఎవరూ రాలేదని పతకం ఇస్తే తీసుకోండి. తీసుకుని, "ఎందుకు రాలేదు?" అని అక్కడే, మైకు ముందే అడగండి. కామారెడ్డి తండా పిల్లవాడు ఇప్పుడు తన గూడు పిల్లలు ఆరుగురికి పొద్దున్నే పట్టు నేర్పుతున్నాడు. ఆరుగురూ వేర్వేరు బరువులు. ఒక్కొక్కరికి ఒక్కొక్క జోడీ కావాలి. ఆ జోడీలు మీ ఊళ్లలోనే ఉన్నారు.