అలంకార క్యాట్‌ఫిష్‌కు చికిత్స: నీటి పరీక్ష తరువాతే మందు

గాజు తొట్టె అడుగున ఒక మూలకు చేరి, మేత ముట్టక, మొప్పలు వేగంగా ఆడిస్తున్న క్యాట్‌ఫిష్‌ను చూసిన పెంపకందారుడు సాధారణంగా మొదట వెళ్లేది ఆ చేపను అమ్మిన దుకాణానికే. అక్కడ అతనికి నీలి రంగుదో ఆకుపచ్చ రంగుదో ఒక ద్రావణపు సీసా లభిస్తుంది. తొట్టెలో ఎన్ని లీటర్ల నీరు ఉన్నదీ, దానిని చివరిసారి ఎప్పుడు మార్చినదీ, కొత్త చేపను ఎన్నాళ్ల క్రితం వదిలినదీ అడిగేవారు అరుదు. వ్యాధి పేరు తెలియకముందే మందు నీటిలో పడుతుంది. పొలుసులున్న చేపల విషయంలో ఈ తొందరపాటు కొన్నిసార్లు చెల్లిపోవచ్చు గాని, క్యాట్‌ఫిష్ విషయంలో అది ప్రాణాంతకం కాగలదు.

క్యాట్‌ఫిష్ జాతులకు పొలుసులు ఉండవు. కోరిడోరస్, సక్కర్ వంటి వాటికి ఎముక ఫలకాల కవచం ఉన్నప్పటికీ వాటి మీసాలు, మొప్పలు, పొట్ట భాగపు చర్మం సున్నితమైనవే. అందువల్ల రాగి లవణాలు, ఫార్మలిన్, మలకైట్ గ్రీన్ వంటి మందులను ఇతర చేపలకు వాడే పూర్తి మోతాదులో ఇవి తట్టుకోలేవు. అనుభవజ్ఞులు సగం మోతాదుతో ఆరంభించి చేప ప్రవర్తనను గమనించేది ఇందుకే. సీసాపై ముద్రించిన మోతాదు ఏ చేపను దృష్టిలో ఉంచుకుని నిర్ణయించారో సీసా చెప్పదు.

తెలుగు ప్రాంతపు దుకాణాలలో 'షార్క్' పేరుతో అమ్ముడయ్యే వేలెడంత వెండి రంగు చేప నిజానికి షార్క్ కాదు. అది కొల్లేరు పరిసరాల చెరువులలో విస్తారంగా పెంచే పంగాసియస్. పూర్తిగా ఎదిగితే మీటరు దాటగల ఈ చేపను రెండడుగుల తొట్టెలో ఉంచడమే సగం వ్యాధికి మూలం. బెదురు స్వభావం వల్ల అది అద్దానికి ఢీకొని మూతి గాయపరచుకుంటుంది. ఆ గాయం గుండా బ్యాక్టీరియా ప్రవేశిస్తుంది. అటువంటి చేపకు ఎన్ని మందులు వేసినా తొట్టె మారనంత కాలం గాయం తిరగబెడుతూనే ఉంటుంది.

కనుక వ్యాధి నిర్ధారణ నీటితో మొదలు కావాలి. కొత్తగా అమర్చిన తొట్టెలో అమ్మోనియాను, నైట్రైట్‌ను మార్చే బ్యాక్టీరియా స్థిరపడడానికి 4 నుండి 6 వారాలు పడుతుంది. ఆ లోపే చేపలను నింపితే వాటి విసర్జనలే వాటికి విషమవుతాయి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉదజని సూచిక 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషపూరిత రూపం ఒక శాతం లోపే ఉంటుంది. సూచిక 8కి చేరితే అది సుమారు 5 శాతం అవుతుంది. క్షారగుణం గల బోరు నీటిని వాడేవారు ఈ తేడాను తప్పక గుర్తుంచుకోవాలి. నైట్రైట్ పెరిగితే రక్తం ప్రాణవాయువును మోయలేక మొప్పలు గోధుమ రంగుకు తిరుగుతాయి. అప్పుడు కావలసినది నీటి మార్పిడి, కొద్దిపాటి ఉప్పు మాత్రమే. అయితే కోరిడోరస్ అప్పుడప్పుడు నీటిపైకి వచ్చి గాలి మింగడం దాని సహజ లక్షణం. దానిని చూసి కంగారుపడి మందు వేసేవారూ లేకపోలేదు.

నీరు సరిగా ఉన్నదని తేలిన తరువాతే ఒంటిపై కనిపించే తెలుపును పరిశీలించాలి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఉప్పు రవ్వలు చల్లినట్లు విడివిడి చుక్కలు ఉంటే అది ఇక్తియోఫ్తిరియస్ అనే పరాన్నజీవి వల్ల కలిగే తెల్లమచ్చల వ్యాధి కావచ్చు. మూతి చుట్టూ లేదా వీపుపై జీను ఆకారంలో బూడిద, తెలుపు కలిసిన పొర ఏర్పడితే కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా వ్యాధిని అనుమానించాలి. గాయంపై దూదిపింజ వంటి పోగులు లేస్తే సాప్రోలెగ్నియా కావచ్చు. మామూలు కంటికి చివరి రెండూ ఒకేలా తోస్తాయి. తెల్లమచ్చలకు నీటి ఉష్ణోగ్రతను 28 నుండి 30 డిగ్రీలకు పెంచడం ఉపకరిస్తుంది; పరాన్నజీవి చర్మం వీడి నీటిలో ఈదే దశలోనే మందుకు లొంగుతుంది గనుక, వేడిమి ఆ దశను త్వరితం చేస్తుంది. అదే వేడిమి కాలమ్నారిస్‌ను మరింత ఉధృతం చేస్తుంది. ఒక చేపను కాపాడే చర్య మరొక చేపను ఒకటి రెండు రోజులలోనే చంపగలదు. చర్మపు జిగురును గాజు పలకపై తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, గుర్రపు లాడం ఆకారపు కేంద్రకం గల పరాన్నజీవి కొద్ది నిమిషాలలో తేటతెల్లమవుతుంది. ఇంత సులభమైన పరీక్షను వదలి ఊహపై ఆధారపడడం సమర్థనీయం కాదు.

చికిత్సలోనూ లెక్క ముఖ్యం. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల తొట్టెలో 54 లీటర్లు పడతాయి. నీరు 25 సెంటీమీటర్ల మట్టంలో ఉంటే అది 45 లీటర్లే, అడుగున పరచిన గులకరాళ్ల మేరకు ఇంకా తక్కువ. ఉప్పును లీటరుకు ఒక గ్రాము వంతున, ముందుగా కరిగించి, ఒకటి రెండు రోజులలో విడతలుగా కలపాలి. మందు వేసేటప్పుడు వడపోతలోని బొగ్గును తీసివేయాలి, లేకుంటే అది మందును పీల్చుకుంటుంది. గాలి సరఫరాను పెంచాలి. మచ్చలు మాయమైన తరువాత కూడా కొన్ని రోజులు చికిత్స కొనసాగించనిదే తెల్లమచ్చల వ్యాధి పూర్తిగా పోదు.

ఆహారపు చేపల పెంపకంలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వాడకం నిషిద్ధం. అలంకార చేపలను ఎవరూ తినరు గనుక వాటికి ఏ మందైనా వేయవచ్చుననే ధోరణి ప్రబలింది. తొట్టెలో వేసిన యాంటీబయాటిక్ వడపోతలోని మేలుచేసే బ్యాక్టీరియాను దెబ్బతీయగలదు. ఆపై మురుగు కాలువ గుండా చెరువులకూ చేరగలదు. పంగాసియస్ వంటి చేప చెరువుకూ తొట్టెకూ ఉమ్మడిదైనప్పుడు ఈ రెండు లోకాల మధ్య గోడ కట్టుకోవడం అసాధ్యం. జబ్బుపడిన చేపను 'బతికితే బతుకుతుందని' చెరువులో వదిలే అలవాటు ఇంతకంటే ప్రమాదకరం.

మత్స్యశాస్త్రం బోధించే కళాశాలలు ముత్తుకూరులో, పెబ్బేరులో ఉన్నాయి. చేపల వ్యాధులు అక్కడి విద్యార్థుల పాఠ్యాంశమే. వారానికి ఒక పూట అలంకార చేపల నమూనాల పరీక్షకు కేటాయిస్తే విద్యార్థులకు అభ్యాసమూ, పెంపకందారులకు నమ్మకమైన సమాధానమూ లభిస్తాయి. దీనికి భారీ పరికరాలు అవసరం లేదు. పెంపకందారులు కూడా చేప చనిపోయేదాకా ఆగక, ఏ మందూ వేయకముందే, ప్రాణంతో ఉన్న చేపను గాలి నింపిన సంచిలోనూ, తొట్టె నీటిని శుభ్రమైన మరో సీసాలోనూ తీసుకువెళ్లాలి. చనిపోయి కొన్ని గంటలు గడిచిన చేపపై పరాన్నజీవులు నిలిచి ఉండవు. కుళ్లు వల్ల చేరిన బ్యాక్టీరియా అసలు కారణాన్ని కప్పివేస్తుంది.