అసలూ, వడ్డీ

మే నెలలో వంజరం ధర వినగానే, "ఏమిటమ్మా ఇది! సముద్రం ఎండిపోయిందా?" అని చేపలమ్మిని గదమాయిస్తాం. ఎండిపోలేదు, సెలవు తీసుకుంది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజను పడవల వేటకు నిషేధం. తెడ్డు వేసే నాటుపడవలకు మాత్రం మినహాయింపు.

అది చాలా చేపలు గుడ్లు పెట్టే కాలం. తల్లిచేపలు అసలు, పిల్లలు వడ్డీ. ఆ సంగతి వేటకు వెళ్లేవారికి తెలియదా? తెలుసు. కాని సముద్రం ఉమ్మడి సొత్తు. తాము వదిలిన చేప పక్క పడవవారి వలలో పడుతుందనీ తెలుసు. అందుకే ఒంటరిగా ఎవరూ ఆగరు, అందరినీ ఒక్కసారి ఆపాలి.

ఆపకపోతే? కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేప అసలుకే మోసం వచ్చింది. 1992లో వేట మూసేస్తే దాదాపు 30,000 మందికి పని పోయింది. రెండేళ్లకని పెట్టిన ఆ నిషేధం తొలగింది 2024లో!

ఈ రెండు నెలలూ మనకు తప్పేది పులుసు, వారికి తప్పేది కూలి. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక్కో మత్స్యకార కుటుంబానికి 20,000 రూపాయల భృతి ఇచ్చింది. రేపటి చేపను మనందరి కోసం మిగిల్చినవారికి అది బాకీయే. ఈసారి బుట్ట దగ్గర బేరమాడేముందు, అందులో మన వంతూ ఉందని గుర్తుంచుకుందామా?