కొనుగోలు పోషణ యగునా?

వేసవి సెలవులు ముగియు వేళకు విజయనగరమున గోడలు మాటలాడ మొదలిడును. గంటస్తంభము మొదలు రైలుస్టేషను వరకు ఎటు చూచినను ప్రయివేటు పాఠశాలల ప్రకటనలే. ర్యాంకుల అంకెల ప్రక్కన ఇపుడు వేరొక బొమ్మయు కానవచ్చుచున్నది. మెడలో పతకముతో ఒక బాలుడో, బాలికయో చిరునవ్వు నవ్వుచుందురు. క్రింద పెద్ద యక్షరములతో "మా విద్యార్థి" యని యుండును.

ఆ బొమ్మ యెదుట నిలిచి పౌరులు అడుగవలసిన ప్రశ్న యొక్కటి కలదు. ఈ బిడ్డ ఆ బడికి ఎప్పుడు వచ్చెను? పతకమునకు ముందా, పిమ్మటనా? ముందే వచ్చెనేని ఆ పాఠశాలకు మా నమస్కారము. పిమ్మట వచ్చెనేని అది పోషణ గాదు, కొనుగోలు. కొనుట పాపమని మేమనము. కొన్నవాడు కన్నవానివలె చెప్పుకొనుట తగదనియు, కొన్న వస్తువును పనికిరానినాడు పారవేసినట్లు బిడ్డను పారవేయుట అంతకంటె తగదనియు మా వాదము.

ఈ బేరము జరుగు తీరు ఎరుగనివారెవరు? పల్లెలోని సర్కారు బడిలో ఒక వ్యాయామోపాధ్యాయుడు తెల్లవారుజామున లేచి, తన జీతములోనుండి గ్రుడ్లు, పాలు కొనిపెట్టి, ఒక బాలుని మూడేండ్లు సాధన చేయించును. బాలుడు జిల్లా పోటీలో గెలుచును. మరునాడే పట్టణమునుండి కబురు వచ్చును: "ఫీజు వలదు, హాస్టలు ఖర్చు వలదు, మీ వానిని మా కప్పగింపుడు." కూలి చేసికొను తండ్రి చేతులు జోడించును. కాగితము లేదు, గడువు లేదు, షరతు లేదు. షరతు లేదనుకొనుట తండ్రి యమాయకత్వము. షరతు కలదు, అది నోట చెప్పబడలేదు. గెలిచినన్నాళ్లే సీటు! రెండవ యేట మోకాలు దెబ్బతినెనా, ఫీజు చీటి యింటికి వచ్చును. అప్పటికి పాత బడిలో పేరు కొట్టివేయబడినది; పాత గురువు మనసు విరిగినది; పాఠములు వెనుకబడినవి. అందరు యాజమాన్యములవారు ఇట్టివారే యని మేము వ్రాయుట లేదు. ఇట్లు చేయదలచిన వారిని ఆపుటకు అడ్డేదియు లేదని వ్రాయుచున్నాము.

చట్టము లేదా యందురేమో. కలదు, కాని సరిగా అవసరమైన చోట ఆగిపోయినది. 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకు ఆటస్థలము ఉండవలెనన్నది. సర్కారు సహాయము పొందని ప్రయివేటు బడులు ప్రవేశ తరగతిలో 25 శాతము సీట్లు బలహీనవర్గముల బిడ్డలకు, వెనుకబడినవారికి ఈయవలెనన్నది. 8వ తరగతి ముగియువరకు ఏ బిడ్డను వెడలగొట్టరాదన్నది. ఆటగాండ్ర బేరము తరచుగా జరుగునది ఆ 8వ తరగతి దాటిన పిమ్మటనే! పదునేడేండ్లలోపు, పందొమ్మిదేండ్లలోపు వారికి పాఠశాలల క్రీడాసమాఖ్య జరుపు పోటీలే బడి పేరు పత్రికల కెక్కించునవి. చట్టపు గొడుగు ముడిచిన చోట వర్తకుని అంగడి తెరవబడినది. ఇక ఆటస్థలము మాట! అద్దెమేడలలో నడచు బడులకు మన పట్టణమున కొదువ లేదు. అందలి బిడ్డలకు పరుగెత్తుటకు మెట్లు తప్ప వేరు చోటేది? తన బిడ్డలలో ఒక్కనికిని బంతి ముట్టుకొను తావీయని బడి, పొరుగూరి బిడ్డ పతకమును గోడపై వ్రేలాడదీయుట యెంతటి వింత!

ఉత్తరాంధ్రమున ఆటగాండ్రను కన్నదెవరో చూడుడు. 2000 సంవత్సరమున సిడ్నీలో 240 కిలోగ్రాములెత్తి, ఒలింపిక్ పతకమందిన తొలి భారతమహిళయైన కరణం మల్లీశ్వరి ఆమదాలవలస చెంత ఊసవానిపేటలో పెరిగిన పిల్ల. రైల్వే రక్షకదళపు కానిస్టేబు కూతురు. 2014లో గ్లాస్గోలో రజతమందిన మత్స సంతోషిది మన నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ. బరువులెత్తువారి యూరని పేరుపొందిన పల్లె. వీరి తొలి బరువులు పల్లె వ్యాయామశాలలలోనివి, ఏ మేడబడిలోనివియు గావు. ఇంకను వెనుకకు బోయిన కోడి రామ్మూర్తి నాయుడు కలడు. వీరఘట్టమున బుట్టి, విజయనగరమున పెరిగి, తాలింఖానాలలో కండ పెంచి, చెన్నపట్టణమున వ్యాయామశిక్షణ పొంది, తిరిగివచ్చి విజయనగరపు ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడైనాడు. ఆనాటి బడి ఆ బలశాలిని గోడమీది బొమ్మగా నిలుపలేదు. బిడ్డల కెదుట గురువుగా నిలిపినది.

పోషణకును కొనుగోలునకును గల భేదము నేర్చుకొనుటకు విజయనగరమువారు దూరదేశములకు పోనక్కరలేదు. పూసపాటివారి యింటనే తండ్రి యొక దారి, కొడుకొక దారి చూపిరి. కొడుకు విజయానంద గజపతిరాజు, లోకము విజ్జీయని పిలిచిన రాకుమారుడు. క్రికెట్టుపై ఆతనికి గల ప్రీతి నిజమైనది, వ్యయము అపారమైనది. 1930-31లో ఇంగ్లండునుండి హాబ్సు, సట్‌క్లిఫ్ అను ఇరువురు మహాక్రీడాకారులను రప్పించి తన జట్టున నిలిపి హిందూదేశమునను, సింహళమునను ఆడించెను. 1936లో తానే నాయకుడై ఇంగ్లండునకు జట్టును గొనిపోయెను. లాలా అమరనాథు తొలి టెస్టునకు ముందే యింటికి పంపబడెను. జట్టు మూడు టెస్టులలో రెంటిని పోగొట్టుకొనెను. సిద్ధమైన కీర్తిని తెచ్చి తన పేరున నడపిన జట్టులో మన పల్లెలకు దక్కినదేమి?

తండ్రి విజయరామ గజపతి 1919లో సంగీత కళాశాల నెలకొల్పెను. ఒక అంధబాలుడు సంగీతము నేర్చుకొనవలెనను తలంపే దానికి మూలమని పెద్దలు చెప్పుదురు. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. ద్వారం వేంకటస్వామి నాయుడు అచట గురువై, 1936లో అధ్యక్షుడాయెను. పేదబాలుడు ఘంటసాల సంగీతము నేర్చుకొన వచ్చినపుడు ఊరి యిల్లాండ్రు మధుకరము పెట్టిరి. ఆ బాలుడు అప్పటికి ఏ పతకమును తేలేదు. తెచ్చునను హామీయు నీయలేదు. ఐనను గురువు చెంత చేర్చుకొనెను, ఊరు అన్నము పెట్టెను. నూరేండ్లు దాటినను ఆ కళాశాల నిలిచియున్నది. కొనుగోలు కొన్నవానితో పోవును. పోషణ ఊరికి మిగులును.

ఈ వ్యాధి మనకు క్రొత్తది, లోకమునకు ప్రాతది. అమెరికాలో 1929లోనే కార్నెగీ సంస్థ నూటికి పైగా కళాశాలలను పరిశీలించి, ఆటగాండ్రను వెదకి తెచ్చి సొమ్మిచ్చి నిలుపుకొను వాడుకను తీవ్రముగా ఖండించెను. ఐనను వాడుక పెరిగినదే కాని తరుగలేదు. 1973లో అచటి కళాశాలాక్రీడాసంఘము నాలుగేండ్ల విద్యార్థివేతనమును తీసివేసి, యేటేట తిరిగి ఈయవలసిన దానినిగా మార్చెను. అంతట ఆటగాని చదువు శిక్షకుని దయపై నిలిచినది. తప్పు తెలిసికొని, పెక్కేండ్లకు గాని వెల్లడించిన గడువును మరల అనుమతించుటకు వారికి 2012 వరకు పట్టెను. ఆట తగ్గెనను కారణమున వేతనము తీసివేయరాదని ఐదు పెద్ద క్రీడామండలములు 2015లో నిర్ణయించెను. అంత ధనికదేశము నలుబదియేండ్లు పడి నేర్చిన పాఠమును మనము మొదటి పుటనుండి మరల చదువవలయునా?

మన కేంద్రప్రభుత్వమే 2017లో ఖేలో ఇండియా పథకమున, ఎంపికైన ఆటగానికి ఏటికి 5 లక్షల రూపాయల చొప్పున 8 ఏండ్లు సహాయమని నిర్ణయించెను. అంకెల కంటె అందలి కాలమును గమనింపుడు. క్రీడాకారుని పెంచుట ఎనిమిదేండ్ల పనియని సర్కారే యొప్పుకొనినది. గోడమీది బొమ్మకు మాత్రము ఒక్క యేడు చాలును.

"పేదబిడ్డకు ఉచితముగా చదువు దొరకుచుండగా మీకేల కంటగింపు?" అని కొందరడుగుదురు. ఉచితమా? ఆ బిడ్డ తెల్లవారుజాము చెమటయే ఆ బడికి ప్రకటన. ఆ ప్రకటన చూచి వందలమంది తలిదండ్రులు ఫీజు కట్టుచున్నారు. బిడ్డ పని చేయుచున్నాడు, బడి లాభమందుచున్నది. అట్టిచో దానిని దానమనుట భాషకే ద్రోహము. కూలివానికైనను కూలి ఒప్పందము కలదే, ఈ బాలునికి అదియును లేదు! గెలుపుపైననే కూడు ఆధారపడిన బిడ్డ నొప్పిని దాచును. వయసు తగ్గించి వ్రాయుమన్న ఒప్పుకొనును. ఇచ్చిన మందు మ్రింగును. గ్లాస్గోలో సంతోషికి మొదట దక్కినది కంచు. ప్రథమురాలైన నైజీరియా బాలిక నిషిద్ధౌషధ పరీక్షలో తప్పగా అది రజతమాయెను. ఆ బాలిక వయసు పదునారేండ్లు! ఆమెకు ఆ మందు ఏ చేయి యిచ్చెనో మాకు పని లేదు. పదునారేండ్ల వయసున అట్టి గండము బిడ్డ దరికి వచ్చుననుటయే మన పెద్దలకు హెచ్చరిక.

కావున మేము కోరునవి కొన్నియే. ఆటగానికి ఇచ్చు సీటు తెలుగు కాగితముపై వ్రాయబడవలయును. గెలిచినను, ఓడినను, దెబ్బతినినను ఇంటర్మీడియెట్ ముగియువరకు అది చెల్లవలయును. ఆటలో తగిలిన గాయమునకు వైద్యవ్యయము బడిది. ఆటకై పోయిన పాఠములు మరల చెప్పించు బాధ్యత బడిది. బిడ్డ బొమ్మ వేయుచోట వాని యూరి పేరు, తొలి గురువు పేరు అంతే పెద్ద యక్షరములతో వేయవలయును. బయటినుండి ఆటగానిని తెచ్చు బడి తన బిడ్డలందరికి దినమున కొక గంట ఆట చూపవలయును. ఈ యొప్పందముల పట్టిక జిల్లా విద్యాశాఖాధికారి కచేరీలో ఉండవలయును, ఎవరడిగినను చూపవలయును. ఇందు కోట్ల ఖర్చు లేదు, క్రొత్త మేడ లేదు. నిజముగా పోషించు యాజమాన్యమునకు ఇందు భయపడవలసిన దేమియు లేదు. భయపడువాడెవడో తెలియుటయు మేలే.

గ్రంథాలయములలో ఈ పుట చదువు పట్టణ సోదరులకు ఒక మనవి. మీలో గుమాస్తాలు కలరు, న్యాయవాదులు కలరు, ఉపాధ్యాయులు కలరు. ఈ జూన్ మాసమున మీ యెరుకలోని ఒక పల్లె తండ్రి ఇట్టి కబురు మీకు చెప్పి సంతసించినపుడు, ఆ సంతోషమును చెరుపకుడు. ఆయన వెంట బడికి వెళ్లుడు. "కాగితము చూపుడు" అని ఒక్క మాట అడుగుడు. కాగితము లేదన్నచో, ఆ బిడ్డను ఆ కూలివాని చేతనే పట్టించి, ఆ పల్లె బడికే, ఆ పాత గురువు చెంతకే తిరిగి తీసికొనిపొండు.