త్రోవలో అడ్డు పెట్టిందెవరు?

మన పట్టణాల్లో ఏదో ఒక వీధిని కాసేపు గమనించండి. అసలు ఫుట్‌పాత్ లేని వీధులే ఎక్కువ. ఉన్నచోట దాన్ని ఎక్కడానికే పెద్ద అడుగు వేయాలి. ఎక్కాక కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, విరిగిన కాలువ పలక ఎదురవుతాయి. ప్రతి ఇంటివారూ తమ బండి ఎక్కడానికి వాలు కట్టుకోవడంతో దారి నాలుగడుగులకోసారి ఎగుడుదిగుడవుతుంది. కాళ్లు బాగున్నవారు విసుక్కుంటూ రోడ్డు మీదికి దిగి నడుస్తారు. వీల్‌చైర్‌లో ఉన్నవారికి, తెల్లకర్రతో నడిచేవారికి అలా దిగడమంటే ప్రాణాన్ని వచ్చే పోయే వాహనాలకు అప్పగించడమే. అందుకే వారిలో ఎందరో ఇల్లు కదలరు. కనబడరు గనుక వారు లేరని మనం అనుకుంటున్నాం.

లెక్కలు వేరే మాట చెబుతున్నాయి. 2011 జనగణన ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే వారు 22 లక్షలకు పైగా ఉన్నారు. ఆ తర్వాత వచ్చిన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 చట్టం గుర్తించినవి ఏడే. మోకాళ్లు అరిగిన వృద్ధులను, నిండు గర్భిణులను కూడా కలుపుకుంటే, సరైన దారి అవసరం లేని ఇల్లే ఉండదు.

చట్టం లేక ఈ పరిస్థితి రాలేదు. 2016 చట్టంలోని 41వ సెక్షన్ దివ్యాంగుల రాకపోకలకు అనువైన రోడ్ల గురించి పేరు పెట్టి చెబుతోంది. ప్రమాణాలు పాటించని భవనానికి ప్లాన్ అనుమతి ఇవ్వకూడదని 44వ సెక్షన్ అంటోంది. మొదటిసారి ఉల్లంఘిస్తే పదివేల రూపాయల వరకు జరిమానా ఉంది. ఇన్ని ఉన్నా, 2017లో చేసిన నిబంధనల్లో ప్రమాణాలు ఆదేశాలుగా కాక సలహాల రూపంలో మిగిలిపోయాయి. సలహాను ఏ కాంట్రాక్టరు లెక్కచేస్తాడు?

చూపులేని రాజీవ్ రాతూరి అనే వ్యక్తి 2005లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న సరిగ్గా ఈ లోపాన్నే ఎత్తి చూపింది. 15వ నిబంధన మూల చట్టానికి విరుద్ధమని తేల్చింది. తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను మూడు నెలల్లో విడిగా రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమే. 2025 మే నెలలో మరో కేసులో, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని అదే కోర్టు చెప్పింది. ఆ ఫుట్‌పాత్‌లు దివ్యాంగులకూ అనువుగా ఉండాలని గుర్తుచేసింది.

అయితే తీర్పు దానంతట అది వీధిలోకి నడిచి రాదు. గీతలూ చుక్కలూ ఉన్న పలకలు కొన్ని ఫుట్‌పాత్‌ల మీద కనిపిస్తాయి. గీతలుంటే ముందుకు సాగమని, చుక్కలుంటే ఆగి జాగ్రత్తపడమని అర్థం. 1967లో జపాన్‌లో మొదలైన ఈ పద్ధతి చూపులేనివారికి పాదాల కింద చదువుకునే అక్షరం వంటిది. ఆ గీతలు తిన్నగా స్తంభానికి దారితీస్తే, వాటిని నమ్మి నడిచినవాడి తలే పగులుతుంది. బైకులు ఎక్కకుండా పాతిన ఇనుప గుంజలు వీల్‌చైర్‌ను కూడా ఆపేస్తాయి. పలక వేసే మనిషికి అది ఎందుకో చెప్పినవారు లేరు. పని పూర్తయ్యాక ఒక దివ్యాంగుణ్ణి పిలిచి నడిపించి చూసిన అధికారి అంతకన్నా అరుదు.

ఇక మన సంగతి. చట్టం చెప్పే ప్రజా భవనాల నిర్వచనంలో మతపరమైన కార్యక్రమాలకు వాడే భవనాలూ ఉన్నాయి. అంటే మన మందిరాలు కూడా ఉన్నాయి. ఆదివారం ఆరాధన వేళ గేటు ముందు ఫుట్‌పాత్ నిండా ఎవరి బైకులు నిలుస్తున్నాయి? కూటాల సమయంలో పందిరి గుంజలు, జనరేటరు ఎవరి దారిలో ఉంటున్నాయి? గుడ్డివాని త్రోవలో అడ్డు వేయకూడదన్న ఆజ్ఞను లేవీయకాండము 19వ అధ్యాయంలో మనం ఎన్నిసార్లు చదవలేదు? ఆ ఆజ్ఞ కావాలని చేసే కీడుకే పరిమితమని ఎవరూ సరిపెట్టుకోవద్దు. తట్టుకుని పడేవాడికి ఆ రాయి ఎవరు ఏ ఉద్దేశంతో పెట్టినా దెబ్బ ఒకటే.

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకువచ్చిన సంగతి మనకు ఇష్టమైన ప్రసంగాంశం. ఆ నలుగురి ప్రేమ గొప్పదే. కానీ వాకిట గుంపు దారి ఇవ్వకపోవడం వల్లే వారు పైకప్పు విప్పవలసి వచ్చిందని కూడా మార్కు రాశాడు. ప్రతి ఆదివారం ఒక సహోదరిని కుర్చీతో సహా నలుగురు మెట్లెక్కిస్తుంటే, మనం దాన్ని సేవ అంటున్నాం. ఎవరినీ అడగకుండా తనంతట తాను లోపలికి రావాలని ఆమెకు ఉండదా?

చేయదగినవి కష్టమైనవేమీ కావు. ర్యాంపుకు కొలత సులువు: ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. ఆరంగుళాల మెట్లు మూడుంటే పద్దెనిమిది అడుగులు కావాలి. అంతకన్నా నిటారుగా కడితే అది ఫొటోకే పనికొస్తుంది. బండ్లకు వేరే స్థలం చూడండి. సంఘంలోని దివ్యాంగులను, వృద్ధులను వెంటబెట్టుకుని బస్‌స్టాపు నుండి మందిరం దాకా ఒకసారి నడవండి. ఎక్కడ ఆగిపోయారో రాసి, ఫొటోలతో మున్సిపల్ కమిషనరుకో పంచాయతీకో అర్జీ ఇవ్వండి. స్పందన లేకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేసే వీలు చట్టంలో ఉంది. అర్జీ మీద మొదటి సంతకం మాత్రం ఆ దారిన రాలేకపోయినవారిది కావాలి. ఏది అడ్డమో వారికే బాగా తెలుసు.