ఆరు ఋతువులు, ఒక జాడీ

 

గుడి బడిలో మాకు మొదట్లో నేర్పిన జాబితాల్లో ఋతువుల పేర్లు ఒకటి. వసంతం, గ్రీష్మం, వర్షం, శరత్తు, హేమంతం, శిశిరం. పాట పాడినట్టు అప్పజెప్పేవాళ్లం. శిశిరంలో చెట్ల ఆకులు రాలిపోతాయని మాస్టారు చెప్పారు. కిటికీలోంచి చూస్తే బయట నిద్రగన్నేరు చెట్టు ఎప్పటిలాగే పచ్చగా ఉంది. "మాస్టారూ, మరి మనకి శిశిరం ఎప్పుడొస్తుంది?" అని ఒక పిల్లవాడు అడిగాడు. ఆయన కొంచెం ఆలోచించి, "మనకి ఋతువులు మార్కెట్టులో వస్తాయి" అన్నారు. మేమంతా నవ్వాం.

ఇప్పుడు నా వయసు యాభై దాటింది. ఆ మాట నిజమేనని టోవా పాయో లొరాంగ్ 8 మార్కెట్టుకి వెళ్లిన ప్రతిసారీ అనుకుంటాను. కమలాపళ్ల పెట్టెలు పేరుస్తున్నారంటే చైనీస్ కొత్త సంవత్సరం వస్తోంది. మాంగోస్టీన్ గుట్టలు కనిపిస్తే జూన్, జూలై. పంపరపనసలు వచ్చాయంటే వినాయకచవితి దగ్గర పడింది. మన ఋతువులు పళ్ల అంగడి ఆంటీ దగ్గరే ఉన్నాయి.

ఈ నెల ఆ పళ్లతో చేసే ఒక పానీయం గురించి చెబుతాను. దానితో పాటు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి కూడా.

మా తమ్ముడి కూతురికి ఈ మధ్య కొత్త బీటీఓ ఫ్లాటు తాళాలు చేతికొచ్చాయి. గృహప్రవేశానికి తన ఆఫీసు స్నేహితుల్ని కూడా పిలిచింది. "అత్తా, నువ్వు సాంగ్రియా చేసిపెట్టవా?" అని అడిగింది. ఒక టీచరు రిటైరైనప్పుడు ఇచ్చిన విందులో నేనూ ఒక గ్లాసు తాగాను, బాగుంది. ఆ మాట దానికి ఎప్పుడో చెప్పాను. అది గుర్తుపెట్టుకుంది.

సాంగ్రియా స్పెయిన్, పోర్చుగల్ దేశాల పానీయం. ఎర్ర వైనులో తరిగిన పళ్లు, పళ్లరసం, చక్కెర వేసి చల్లగా తాగుతారు. స్పానిష్ భాషలో 'సాంగ్రే' అంటే రక్తం. రంగును బట్టి ఆ పేరు వచ్చిందంటారు. యూరప్‌లో స్పెయిన్, పోర్చుగల్‌లో చేసినదానికి మాత్రమే ఒట్టి 'సాంగ్రియా' అన్న పేరు పెట్టి అమ్మాలని నియమం ఉంది. కాబట్టి నేను చెప్పబోయేది అసలు సాంగ్రియా కాదు. దానికి వేలు విడిచిన చుట్టం అనుకోండి.

మా ఇంట్లో ఒక చిక్కుంది. మా అమ్మ ఉన్న ఇంట్లోకి సారా, బీరు, వైను ఏదీ రాదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. ఎందుకని ఎవరూ అడగలేదు. దేవుడి గది ఉన్న ఇల్లు కదా, అందుకేనని అనుకునేవాళ్లం. అందుకని ముందు వైను లేకుండా పళ్లు, చక్కెర, నీళ్లతో ఒక జాడీ చేసి రుచి చూద్దామనుకున్నాను. వైను గృహప్రవేశం రోజున కలుపుకోవచ్చు.

అనాస, కమలాపళ్లు, ఆపిల్ తరిగి జాడీలో వేశాను. ఫ్రిజ్‌లో చోటు లేక వంటగట్టు మీదే పెట్టాను. తర్వాత పరీక్ష పేపర్లు దిద్దే పనిలో పడి పూర్తిగా మరిచిపోయాను. రెండు రాత్రులు గడిచాయి. మూడో రోజు పొద్దున అమ్మ వంటింట్లోకి వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. జాడీలో నురుగు, బుడగలు. అమ్మ ఒకే మాట అంది. "కల్లు వాసన."

నేను బడిలో సైన్స్ చెబుతాను. పళ్ల తొక్కల మీద ఈస్ట్ ఉంటుందనీ, అది చక్కెరను తిని ఆల్కహాల్‌గా మారుస్తుందనీ పిల్లలకి నేనే చెబుతాను. మన వేడికి ఆ పని ఇంకా తొందరగా అవుతుంది. అదే అమ్మకి చెప్పబోయాను. అమ్మ వినలేదు. కుర్చీలో కూర్చుని, తన అరవై ఏళ్ల కాపురంలో ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది.

మా అమ్మ లోయర్ పేరాక్‌లో, బగాన్ డాటో దగ్గర ఒక కొబ్బరి ఎస్టేటులో పుట్టింది. మీలో చాలామంది తాతముత్తాతలు కూడా ఆ చుట్టుపక్కల ఎస్టేటుల్లోనే పనిచేసి ఉంటారు. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు అక్కడ ఎక్కువ. అమ్మ వాళ్ల తాత ఒప్పందం మీద వచ్చిన కూలీ. మలయాకి ఆ ఒప్పంద కూలీ పద్ధతి 1910లో ఆగింది. తర్వాత 1938 వరకు కంగాణీలు మనుషుల్ని తీసుకొచ్చారు. పద్ధతి మారింది గానీ లైన్ ఇళ్లు మారలేదు, కల్లు దుకాణం మారలేదు.

"నాకప్పుడు ఏడేళ్లు" అంది అమ్మ. "జీతం రోజు సాయంత్రం మా అమ్మ నన్ను కల్లు దుకాణానికి పంపేది. మీ అయ్య జేబులో ఎంత మిగిలితే అంత అడిగి తీసుకురా అనేది. చిన్నపిల్లని కదా, నన్ను చూస్తే అయ్య ఇచ్చేసేవాడు. ఒక నెల ఏమీ మిగల్లేదు. అయ్య నన్ను చూసి తల దించుకున్నాడు. ఉత్త చేతులతో వెళ్తే అమ్మ ఏడుస్తుందని, దారిలో రాలి పడి ఉన్న కొబ్బరికాయ ఒకటి లంగాలో దాచి తీసుకెళ్లాను. ఎస్టేటు కాయ ముట్టుకోకూడదు. ఎవరైనా చూస్తే అయ్య పని పోయేది."

కాసేపు ఆగి మళ్లీ అంది. "మా అయ్య చెడ్డవాడు కాదు. పొద్దుట్నుంచీ కాయలు కోసి మోసేవాడు. సాయంత్రానికి ఒళ్లు పులిసిపోయేది. అక్కడ కూర్చోడానికి ఉన్నది ఆ దుకాణం ఒక్కటే."

ఈ సంగతి ఒక్క మా ఇంటిది కాదు. 1941లో సెలంగోర్‌లోని క్లాంగ్ ప్రాంతంలో ఎస్టేటు కూలీలు సమ్మె చేశారు. కూలి పెంచాలి, దొర ఎదురైతే సైకిల్ దిగాలన్న పద్ధతి పోవాలి అని అడిగారు. ఎస్టేటుల్లో కల్లు దుకాణాలు మూసేయాలని కూడా అడిగారు. ఈ సమ్మె గురించి నేను పుస్తకంలో చదివాను. ఆ మూడో కోరిక ఎందుకు పెట్టారో మాత్రం ఆ రోజు మా వంటింట్లోనే నాకు అర్థమైంది.

జాడీ కడిగేశాను. తమ్ముడి కూతురికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే అత్తా, వైను లేకుండా అదే రంగు, అదే పులుపు వస్తుందా?" అని అడిగింది.

వస్తుంది. మన గోంగూరతోనే వస్తుంది.

గోంగూర ఆకు మీకు తెలుసు. ఆ జాతి మొక్కకే, పువ్వు రాలిపోయాక, కాయ చుట్టూ ఎర్రటి మందపాటి రేకులు మిగులుతాయి. ఇక్కడ దాన్ని రోజెల్ అంటారు. ఎండబెట్టిన రోజెల్ చైనీస్ మందుల షాపుల్లో దొరుకుతుంది. వేడి నీళ్లలో వేస్తే ఎర్ర వైను రంగు వస్తుంది. పులుపూ ఉంటుంది. వైనులో ఉండే వగరు కోసం ఒక టీ బ్యాగు చాలు.

తీపి కోసం గులా మెలాకా వాడాను. ఇక్కడే నాకు ఇంకో సంగతి తట్టింది. కొబ్బరి పూమొవ్వ కోస్తే కారే తీపి నీళ్లను అలాగే వదిలేస్తే కొన్ని గంటల్లోనే పులవడం మొదలై కల్లవుతుంది. పులవకముందే పొయ్యి మీద పెట్టి కాస్తే గులా మెలాకా అవుతుంది. రెండూ ఒకే చెట్టు నీళ్లు. అమ్మకి ఆ మాట చెబితే, "నాకు తెలీదా?" అంది. "కల్లు గీసే ఆయన భార్య ఒక్కోసారి మాకు బెల్లం ముక్క పెట్టేది."

చేసే విధానం ఇది. పదిమందికి సరిపోతుంది.

ఒకటిన్నర లీటరు నీళ్లు మరిగించి పొయ్యి ఆపేయండి. ఎండు రోజెల్ 30 గ్రాములు, అంటే రెండు గుప్పిళ్లు, ఒక టీ బ్యాగు, ఒక దాల్చినచెక్క, నాలుగు లవంగాలు వేసి మూత పెట్టండి. స్టీలు గిన్నె వాడండి. ఇంత పులుపుకి అల్యూమినియం పనికిరాదు. ఐదు నిమిషాలకి టీ బ్యాగు తీసేయండి, లేకపోతే చేదెక్కుతుంది. పదిహేను నిమిషాలకి వడగట్టండి. వేడి మీదే 150 గ్రాముల గులా మెలాకా తురిమి వేసి కరిగించండి. బాగా చల్లారాక గాజు జాడీలో పోసి, మూడు కప్పుల పళ్ల ముక్కలు వేసి, నాలుగు చిన్న లిమావు కాయలు పిండండి. నాలుగు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. మళ్లీ చెబుతున్నాను, ఫ్రిజ్‌లోనే పెట్టండి. రెండు రోజుల్లో తాగేయండి.

ఆపిల్, అనాస, జామ, కమలా లాంటి గట్టి పళ్లు ముందే వేయవచ్చు. పుచ్చకాయ, బొప్పాయి వడ్డించే ముందు వేయండి. ముందే వేస్తే మెత్తబడి నీళ్లలో కలిసిపోతాయి.

ఇక ఋతువుల సంగతి. జాడీ ఒకటే, పళ్లు మారతాయి.

సంక్రాంతి నుంచి చైనీస్ కొత్త సంవత్సరం దాకా: కమలాపళ్లు. ఇళ్లకి వచ్చినవాళ్లు జతలు జతలుగా ఇస్తారు కదా, అన్నీ తినలేం. తొనల మీది తెల్లటి పీచు తీసేయండి, చేదుగా ఉంటుంది.

ఉగాది, శ్రీరామనవమి: పచ్చిమామిడి ముక్కలు, చిటికెడు ఉప్పు. దాల్చినచెక్క మానేసి మిరియాలు, శొంఠి, ఏలకులు వేయండి. అప్పుడది దాదాపు పానకమే అవుతుంది. పానకం తాగి పెరిగినవాళ్లకి సాంగ్రియా ఏమంత కొత్త కాదు.

జూన్ నుంచి ఆగస్టు: మాంగోస్టీన్, రంబుటాన్. గింజ తీసి చివర్లో వేయండి. మాంగోస్టీన్ తొక్క మరక బట్టల మీద పడితే పోదు, జాగ్రత్త. దురియన్ వేయకండి. మా తమ్ముడు వేసి చూశాడు.

వినాయకచవితి, చైనీస్ వెన్నెల పండుగ: పంపరపనస, జామ. పంపరపనస తొనల పొర ఓపిగ్గా ఒలవాలి. పిల్లలకి ఇవ్వదగిన పని.

దీపావళి: దానిమ్మ గింజలు, స్టార్ ఫ్రూట్. స్టార్ ఫ్రూట్‌ని అడ్డంగా కోస్తే నక్షత్రాలు వస్తాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి మాత్రం ఆ పండు పెట్టకూడదు.

డిసెంబరు వానలు: ఆపిల్ ముక్కలు, అల్లం వేసి, వేడివేడిగా తాగండి. వాన పడుతుంటే అదే మన హేమంతం.

గృహప్రవేశం రోజున రెండు పెద్ద జాడీలు చేశాను. పూజ అయ్యాక తమ్ముడి కూతురు నెమ్మదిగా నానమ్మ దగ్గరకి వెళ్లింది. "నానమ్మా, మా ఫ్రెండ్స్ కొందరు వైను తెచ్చారు. నీకు ఇష్టం లేకపోతే లోపల పెట్టేస్తాను" అంది. అమ్మ కొత్త హాలు, కొత్త కిటికీలు ఒకసారి చూసింది. "ఇది నీ ఇల్లమ్మా. వాళ్ల సీసా పక్కన పెట్టుకోండి, కావాల్సినవాళ్లు వాళ్ల గ్లాసులో పోసుకుంటారు. జాడీలో మాత్రం కలపొద్దు. జాడీ అందరిదీ" అంది.

అలాగే చేశాం. ఇద్దరు ముగ్గురు పోసుకున్నారు, మిగతావాళ్లు అలాగే తాగారు. అమ్మ రెండు గ్లాసులు తాగి, తీపి కొంచెం తగ్గించమంది. పైన రాసిన 150 గ్రాములు ఆ తగ్గించిన లెక్కే.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ నెల ఒక పని చేయండి. వాళ్లు వద్దనే వస్తువు ఏదైనా ఉంటే, ఎందుకు వద్దంటున్నారో తెలుగులోనే అడగండి. తప్పులు వచ్చినా ఫరవాలేదు. నా తెలుగు కూడా గుడి బడి తెలుగే. విన్నది ఐదు వాక్యాల్లో రాసి ఈ పత్రికకి పంపండి. వచ్చే నెల కలుద్దాం.

ఈ నెల మాటలు

అప్పజెప్పడం: నేర్చుకున్నది చూడకుండా చెప్పడం.
వగరు: పచ్చి అరటికాయ, వక్క నమిలితే నోట్లో తెలిసే రుచి.
పులవడం: పుల్లగా మారడం. ఇడ్లీ పిండి పులుస్తుంది.
ఒళ్లు పులిసిపోవడం: ఎక్కువ పని చేసి ఒళ్లంతా నొప్పులుగా ఉండడం. ఇది వేరే అర్థం, గమనించండి.
ఉత్త చేతులు: ఏమీ లేని, ఖాళీ చేతులు.
తొన: కమలాపండు, పంపరపనస, పనసపండులో విడివిడిగా వచ్చే భాగం.
కంగాణీ: ఊళ్లో కూలీలను కూడగట్టి ఎస్టేటుకి తెచ్చి, పని చేయించే మేస్త్రి.
వేలు విడిచిన చుట్టం: దూరపు బంధువు.