సోయకూర చల్లే కాలం

చలిగాలి మొదలైంది. ఈ సంచికలో సోయకూరకు పెద్దపీట వేశాం. కొత్తిమీర కుటుంబానికే చెందిన ఈ ఆకును తెలంగాణ వంటిళ్లలో పెసరపప్పుతోనూ, మాంసంతోనూ వండుతారు. మేడమీది కుండీల్లోకి మాత్రం ఇంకా అంతగా రాలేదు. రావాలని మా కోరిక.

దీని తల్లివేరు లోతుగా దిగుతుంది. నారు పీకి నాటితే మొక్క బెంగపడుతుంది, తొందరపడి పూతకొస్తుంది. అందుకే అడుగు లోతున్న కుండీలో విత్తనం నేరుగా చల్లి, పైన అర సెంటీమీటరు మట్టి కప్పండి. తడి ఆరకుండా చూస్తే ఒకటి రెండు వారాల్లో మొలుస్తుంది. ఒత్తుగా ఉన్నచోట పలచన చేయండి. ఆ లేత మొక్కలూ పప్పులోకే. రెండు మూడు వారాలకోసారి మళ్లీ కాసిని గింజలు చల్లుతుంటే ఆకుకు లోటుండదు. ఎండలు ముదిరాక వచ్చే పసుపు పూలను తెంపకండి. తేనెటీగలు వాలతాయి, వచ్చే ఏటికి విత్తనం దక్కుతుంది.

— సంపాదకుడు