పెళ్ళయ్యాక వ్రాసుకున్న ప్రేమలేఖలు

ప్రేమలేఖలన్నవి పెళ్ళికి ముందేననీ, ఆ తర్వాత మిగిలేవి ఇంటి కబుర్లూ, వొంట్లో నలతలూ మాత్రమేననీ మనవాళ్ళు హాస్యమాడుతూ వుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు రష్యన్ రచయిత చెహోవ్, ఆయన భార్య వోల్గా క్నిప్పర్ గుర్తుకు వస్తారు.

చెహోవ్ చదివింది వైద్యం. పేరు తెచ్చినవి కథలూ, నాటకాలూ. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్‌వారు ఆయన 'సీగల్' నాటకానికి రిహార్సల్సు చేస్తూండగా, అందులో వేషం వేస్తున్న క్నిప్పర్‌ని చూశాడు. అప్పటికే ఆయనకి క్షయ. మాస్కో చలి పడక, నల్లసముద్రం వొడ్డున యాల్టాలో ఇల్లు కట్టుకున్నాడు. ఆమె నాటకాలేమో మాస్కోలో!

1901 మే నెలలో పెళ్ళయింది. స్నేహితుల్నీ బంధువుల్నీ వొకచోట విందుకి పిలిపించి, వాళ్ళక్కడ ఎదురుచూస్తూండగా, ఈ దంపతులు వేరే చర్చిలో పెళ్ళి చేసుకుని వూరు దాటిపోయారు. ముచ్చట అక్కడితో సరి. చలికాలం వచ్చేసరికి ఆమె మాస్కోలో, ఆయన యాల్టాలో. కాపరమంతా టపాలోనే సాగింది.

చెహోవ్ వొక్కడే ఆమెకి నాలుగువందలకు పైగా ఉత్తరాలు వ్రాశాడు. వాటిలో వున్నదేమిటంటారా? వాతావరణం, దగ్గు, వచ్చిపోయే చుట్టాలు, రిహార్సల్సు. భార్యని ముద్దుగా 'కుక్కా', 'చిన్న గుర్రమా' అని పిలిచేవాడు. మన ఆడవాళ్ళయితే ఆ రోజు వంట మానేసేవారే!

భర్తని జబ్బుతో వొదిలి వేషాలేమిటని ఆమెని ఆక్షేపించినవారున్నారు. ఆ బాధ ఆమెకీ వుంది. నాటకాలు మానేస్తాననీ అంది. ఆయన మానమనలేదు. పెళ్ళికి ముందే, ఈ ఎడబాటుకి కారణం తన వొంట్లోని క్రిములూ, ఆమెలోని కళాభిమానమూ తప్ప ఇద్దరిలో ఎవరి తప్పూ కాదని సర్దిచెప్పాడు. 'ముగ్గురు అక్కచెల్లెళ్ళు' నాటకంలో మాషా పాత్రని ఆమె కోసమే వ్రాశాడు. ఆమె రంగస్థలం విడిచి యాల్టాలో మందుసీసాల పక్కన కూర్చుని వుంటే, ఆయన మరింత కుమిలిపోయేవాడనే నా నమ్మకం. అలాగని ఆ వొంటరితనం తేలికైనదనీ అనను. 1902లో ఆమెకి గర్భం నిలవలేదు. ఆ కబురూ ఉత్తరంలోనే వెళ్ళింది.

1904 జూలైలో, జర్మనీలోని బాడెన్‌వైలర్‌లో, నలభైనాలుగేళ్ళకే చెహోవ్ కన్నుమూశాడు. అప్పుడు ఆమె పక్కనే వుంది. మరుసటి నెలలో ఆమె వొక నోటుపుస్తకం తీసుకుని మళ్ళీ ఆయనకే ఉత్తరాలు వ్రాయడం మొదలుపెట్టింది. 1959లో పోయేవరకూ మరి పెళ్ళి చేసుకోలేదు.

దూరాన వున్నవారికి వ్రాయడానికేముంది, రోజూ వుండేవే కదా అనుకుంటాం. ఆ రోజూ వుండే కబుర్లు చెప్పుకునే మనిషి లేకపోయాకనే, ఆమె నోటుపుస్తకం తెరిచింది.